తెర వెనక పదమూడో పేరు

మొన్న శుక్రవారం పొద్దున ఒమాన్‌లో, మా నిజ్వా మేకల సంత పక్కనుంచి కూరగాయలకు వెళ్తుంటే దారిలో ఒక పికప్ ఆగి ఉంది. బండి వెనక, కొండ మీద నుంచి దిగిన దానిమ్మల పెట్టెలు, వాటి మధ్య కట్టేసిన ఒక మేక. మేక మెడలో గంట. మేక తల తిప్పితే గంట మోగుతోంది, పెట్టె కదులుతోంది, ఒక దానిమ్మ దొర్లుతోంది. గంట, దానిమ్మ. మళ్ళీ గంట, దానిమ్మ. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బండాయన నేను మేకను కొంటానేమోనని ఆశపడ్డాడు. స్కూల్లో ఫిజిక్స్ చెప్పుకునే మనిషి ముఖంలో మేకను కొనే లక్షణాలు ఆయనకేం కనిపించాయో తెలియదు.

ఆ వరస నాకు బాగా తెలిసిన వరస. యూదుల ప్రధాన యాజకుడు వేసుకునే నీలం అంగీకి అంచు పొడుగునా ఒక గంట, ఒక దానిమ్మ, ఒక గంట, ఒక దానిమ్మ ఉండాలని ధర్మశాస్త్రంలో ఉంది. నా చిన్నప్పుడు ఇదే ఊళ్ళో, కంపెనీ మెస్ హాల్లో, ఆ అంగీ వేసుకున్నవాడు మా నాన్న. దానికి ఆయన ఎంత మాత్రం తగడని ఆయనతో సహా అందరూ ఒప్పుకున్నారు.

మాది రోడ్లు వేసే కంపెనీ. ఊరి బయట ఒక పక్క కార్మికుల క్యాంపు, ఇంకో పక్క మాలాంటి నాలుగైదు కుటుంబాలకు క్వార్టర్లు, మధ్యలో మెస్ హాలు. ఇప్పుడక్కడ కార్ల షోరూమ్ వచ్చింది. అద్దాల వెనక గుండ్రటి బల్ల మీద తెల్ల కారు ఒకటి నిదానంగా తిరుగుతూ ఉంటుంది. సరిగ్గా ఆ చోటే మా అతిపరిశుద్ధ స్థలం.

మాకు ఆదివారం శుక్రవారం వచ్చేది. సెలవు ఏ రోజైతే ఆరాధన ఆ రోజు. మెస్ బల్లలు గోడకు జరిపి, చాపలు పరిచి, తలుపు దగ్గరగా వేసుకుని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. వెనక వంటింట్లో మధ్యాహ్నం చారుకు పోపు పడేది. అందుకే నాకు ఈనాటికీ దేవుడంటే కాస్త ఇంగువ వాసన. మా నాన్న కంపెనీలో సర్వేయరు. మా అమ్మ వెంట వచ్చి తలుపు పక్కన కూర్చుని, ప్రార్థన జరిగినంత సేపూ ఎదుటి గోడ నిట్టనిలువుగా ఉందా లేదా అని చూసేవాడు. లేదని ఆయన అభిప్రాయం.

పిల్లలకు పాఠం చెప్పే ఆయనను మేం లేవీకాండం అంకుల్ అనేవాళ్ళం. కంపెనీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. బైబిల్లో అందరూ పేజీలు తిప్పేసి దాటిపోయే పుస్తకం ఒకటుంది, లేవీకాండమని, బలులు, పండుగలు, నియమాలు ఉండేది. ఆయనకు అదే ఇష్టం.

"దేవుడికి దగ్గరగా ఎలా వెళ్ళాలో అంత వివరంగా రాసిపెడితే చదవకుండా దాటేస్తారేంటమ్మా? డ్రాయింగ్ చూడకుండా వైరింగ్ చేస్తామా?" అనేవారు. ఎవరైనా చేస్తారని ఆయనకు అనుభవం మీద తెలుసు. అందుకే ఆ కోపం.

ఆ ఏడు ఆయనకు యూదుల పండుగలన్నీ పిల్లలచేత చేయించాలని బుద్ధి పుట్టింది. మొదట పస్కా, మోషే వాళ్ళను ఐగుప్తు, అంటే ఈజిప్టు, నుంచి విడిపించిన రాత్రి పండుగ. పులియని రొట్టెకు చపాతీ సరిపోయింది. చేదు కూరలు కావాలన్నారు. ఐగుప్తులో పడిన బానిసత్వం నాలుకకు గుర్తుండాలట. మా అమ్మ కాకరకాయ వేపుడు చేసింది. చేసింది కానీ, పిల్లలు తినరేమోనని బెల్లం వేసింది. అందరం మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాం. బానిసత్వం అంత రుచిగా ఉంటే మోషే అవసరమే లేకపోయేదని మా నాన్న తలుపు దగ్గర్నుంచి అన్నాడు.

పర్ణశాలల పండుగ సంగతి క్యాంపులో చెబుతూ, అరణ్యంలో డేరాల్లో బతికిన రోజులు గుర్తు చేసుకుంటూ వారం పాటు ఆకుల పందిట్లో ఉండాలని వివరించారు అంకుల్. అంతా విన్న కార్పెంటరన్న, నిజామాబాద్ వైపు మనిషి, "మాకు వారమేంది అంకుల్, ఏడాదంత గదే పండుగ గదా" అన్నాడు. ఆ పండుగ వాయిదా పడింది.

మిగిలింది ప్రాయశ్చిత్త దినం. యూదుల పండుగల్లో అది పెద్దదని అంకుల్ చెప్పారు. ఆ రోజు జనమంతా ఉపవాసం. వాళ్ళ ఆరాధన గుడారంలో ఒక తెర, తెర వెనక దేవుడి సన్నిధి, అతిపరిశుద్ధ స్థలం. అక్కడికి ఎవరూ వెళ్ళకూడదు. ఏడాదికి ఒకే ఒక్క రోజు, ఒకే ఒక్క మనిషి, ప్రధాన యాజకుడు, అందరి తరఫునా లోపలికి వెళ్తాడు. ఇప్పుడు ఆ గుడారమూ లేదు, ఆలయమూ లేదు, ఆ యాజకుడూ లేడు. అయినా యూదులు ఈ రోజుకీ ఆ రోజున తినకుండా, తాగకుండా పొద్దుగూకే దాకా ప్రార్థిస్తారట.

"వెళ్ళేవాడు లేకపోయినా ఎదురుచూడ్డం మానలేదమ్మా వాళ్ళు" అన్నారు అంకుల్. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. ఉపవాసం ఎప్పటిదాకా అన్నది మాత్రం అర్థమైంది. పిల్లలకు మధ్యాహ్నం దాకా అని తేల్చారు. పొద్దున తిన్న ఇడ్లీ లెక్కలోకి రాదని మా అమ్మ తీర్పు ఇచ్చింది.

గుడారం కొలతలన్నీ మూరల్లో ఉన్నాయి. అంకుల్ తన చెయ్యి చాపి మెస్ హాలు నేల మీద కొలవడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఈ గొడవలో వేలు పెట్టని మా నాన్న లేచి వచ్చాడు.

"ఎవరి మూర ఇది?"

"నా మూర."

"మీ నడిమి వేలు పై కణుపు లేదు కదండీ. మీ మూర అంగుళం తక్కువ. గుడారం ఆ చివరికి వచ్చేసరికి దేవుడు వంటింట్లో ఉంటాడు."

అది నిజమే. చాలా ఏళ్ళ కిందట ఏదో సైట్లో అంకుల్ ఆ కణుపును పోగొట్టుకున్నారు. ఆయన తన చేతి వంక చూసుకుని, టేపు మా నాన్నకిచ్చి పక్కకు జరిగారు. అలా మా నాన్న గుడారంలో పడ్డాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ప్రధాన యాజకుడి వేషం తనే వేయాలని అంకుల్‌కి ఉండేది. పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు. అయితే ఆయన పుస్తకమే ఆయనకు అడ్డం వచ్చింది. యాజకుడికి శరీరంలో లోపం ఉండకూడదు. చెయ్యి విరిగినవాడు, కాలు కుంటివాడు, కంట్లో పువ్వున్నవాడు పనికిరాడు. నాటకమే కదా, చూసీచూడనట్టు పోదామని మా అమ్మ అంది. "నేను చూడకపోతే ఎవరు చూస్తారమ్మా?" అన్నారు అంకుల్.

సరే, లోపం లేని మగవాడి కోసం వెతికారు. రోడ్లు వేసే కంపెనీలో అది చిన్న పని కాదు. ఒకాయనకు వేడి తారు పడి చెయ్యి కాలింది. డ్రైవరుకు భుజం పైకి లేవదు. కార్పెంటరన్నకు పరంజా మీంచి పడ్డ దగ్గర్నుంచి కుడికాలు ఈడుస్తుంది.

"అంటే పని చేసెటోన్ని దేవుడు లోపలికి రానియ్యడా ఏంది?" అన్నాడు కార్పెంటరన్న.

అంకుల్ నొచ్చుకున్నారు. "అట్లా కాదు తమ్ముడూ. దేవుడి రొట్టె తినొచ్చు అని ఉంది. తెర దగ్గరికే వెళ్ళకూడదు."

"క్యాంపు బాసు కూడ గట్లనే అంటడు. మెస్సుల తిను, ఆఫీసులకు రాకు."

చివరికి ఒళ్ళంతా సవ్యంగా ఉన్నవాడు ఒకే ఒక్కడు తేలాడు. సర్వేయరు. పని జరిగే చోటికి దూరంగా నిలబడి, ఒక కన్ను మూసుకుని, గాజులోంచి చూసే ఉద్యోగం కదా. ప్రార్థనలోనూ ఆయన పద్ధతి అదే కనుక అక్కడా ఆయనకేమీ తగల్లేదు.

"నాకు భక్తి లేదు" అన్నాడు మా నాన్న.

"అది లోపాల పట్టీలో లేదు" అన్నారు అంకుల్, కొంచెం బాధగానే.

అంగీ కుట్టించడానికి నిజ్వా కోట వెనక సందులో దుకాణానికి వెళ్ళాం. టైలర్ మామూ కడప మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, గిరాకీతో అరబీ. ఒమానీలు తొడుక్కునే పొడుగాటి తెల్ల అంగీలు, దిష్‌దాషాలు, కుట్టి కుట్టి కళ్ళజోడు మందం పెరిగినవాడు.

"నీలం గుడ్డా? డ్రామాకా సార్?" అన్నాడు.

"ప్రధాన యాజకుడి అంగీ అండీ. అహరోనుగారిది. మోషే అన్నగారు" అన్నారు అంకుల్.

మామూ కత్తెర కింద పెట్టేశాడు. "మూసా నబీకి అన్న అంటే... హారూన్! అలైహిస్సలామ్. ముందే సెప్పొచ్చు గదా సార్! నేనేమో పెండ్లి బ్యాండోళ్ళ డ్రెస్సనుకుంటి." వెనక్కి వెళ్ళి ముఖమూ చేతులూ కడుక్కుని వచ్చి, అప్పుడు టేపు తీశాడు.

"మెడ దగ్గర చిరక్కుండా అంచు గట్టిగా కుట్టాలని రాసుంది" అని అంకుల్ మొదలుపెట్టారు.

"అది నాకు సెప్పాల్నా సార్? నబీగారి బట్ట నా సేతిలో మెడ సినుగుతాదా?"

దానిమ్మల సంగతి ఆయనే తేల్చాడు. దిష్‌దాషా మెడ దగ్గర వేలాడే దారపు కుచ్చు ఉంటుంది, ఒమానీలు అత్తరు రాసుకునేది. ఎర్రదీ, నీలందీ, ఊదాదీ కుచ్చులు చేసి, లోపల దూది కుక్కి గుండ్రంగా చుట్టాడు. నిజం దానిమ్మల కన్నా బాగున్నాయి. గంటలు బంగారువి ఉండాలి. బంగారం మా అమ్మ ఇవ్వనంది. మేకల సంతలో గంటలు తెచ్చాం. మొదటిసారి అంగీ వేసుకుని మా నాన్న క్వార్టర్ల ముందు నడిస్తే, పక్కింటావిడ మేకలు మొక్కలు తినేస్తున్నాయని చీపురు పట్టుకుని బయటికి వచ్చింది.

అంగీ మీద గుండెకు ఎదురుగా ఒక పతకం. దాంట్లో పన్నెండు రాళ్ళు, రాళ్ళ మీద ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల పేర్లు. వాళ్ళందరినీ గుండె మీద మోసుకుంటూ దేవుడి ముందుకు వెళ్తాడన్నమాట. రాళ్ళకు మామూ దుకాణంలో మెరిసే గుండీలు దొరికాయి. గోత్రాల పేర్లు పిల్లల నోటికి తిరగలేదు.

"మనోళ్ళ పేర్లే పెడ్తే ఏంది అంకుల్?" అన్నాడు కార్పెంటరన్న. "మా అవ్వ పేరు ఒకటి వెట్టుండ్రి. మోకాళ్ళ నొప్పులు."

అంకుల్ రెండు రోజులు పుస్తకం వెతికి, పెట్టకూడదని ఎక్కడా లేదని ఒప్పుకున్నారు. ఒక్కొక్కరు ఊళ్ళో ఉన్న తమవాళ్ళలో ఒకరి పేరు ఇచ్చారు. ఎర్ర గుండీ కార్పెంటరన్న అవ్వ. ఆకుపచ్చది మా అమ్మమ్మ. డ్రైవరు తన గేదె పేరు చెప్తే కుదరదన్నారు. పన్నెండు గుండీలూ నిండాయి.

అంతా సిద్ధమైపోయింది. గురువారం సాయంత్రం అంకుల్ మా ఇంటికి వచ్చారు. మెయిన్ స్విచ్ కాలిపోయినప్పటి ముఖం.

"తప్పు జరిగింది" అన్నారు.

మా అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది.

"ఆ అంగీ మిగతా రోజులకు. ఆ ఒక్క రోజు అది వేసుకుని లోపలికి వెళ్ళడు. గంటలు లేవు, పతకం లేదు, బంగారం లేదు. ఒళ్ళు కడుక్కుని, ఉత్త తెల్లటి నారబట్ట కట్టుకుని వెళ్తాడు. ఎన్నిసార్లు చదివానో! చదువుతూనే దాటేశాను."

ఆయన పోగొట్టుకున్న వేలి కణుపు గురించి కూడా అంత బాధపడి ఉండరు. మా నాన్న అడిగాడు.

"ఎందుకట, తెల్లబట్ట?"

"మరీ దగ్గరికి వెళ్ళేటప్పుడు అవన్నీ ఎందుకని కాబోలు."

"సరైన డిజైనే" అన్నాడు నాన్న. ఆ పుస్తకం గురించి ఆయన అన్న మొదటి మంచిమాట అది.

అంగీ వేసుకుని హాలంతా ఒకసారి తిరిగి, తర్వాత బట్టలు మార్చుకుని తెర వెనక్కి వెళ్ళాలని తీర్మానించారు. తెల్లబట్టకు ఇబ్బంది లేదు. మామూకి కబురు పెడితే, "ఊరంతటికీ అదే గదా సార్ కుడతాండేది" అని ఒక దిష్‌దాషాకు కుచ్చు పీకేసి పంపాడు. ఇబ్బంది పేర్లతో వచ్చింది. పతకం బయటే ఉండిపోతే పేర్లు లోపలికి ఎలా వెళ్తాయి?

"మా అవ్వ సంగతేంది మరి?" అన్నాడు కార్పెంటరన్న, నిజంగానే కంగారుపడి.

"నేను తీసుకెళ్తాలే. తలకాయలో" అన్నాడు నాన్న. మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ ఆ పేర్లు వల్లె వేస్తుంటే విన్నాను. మా అమ్మమ్మ పేరు ఆయన అంత మర్యాదగా పలకడం అదే మొదలు.

ఇక్కడ ఇంకొకరి గురించి చెప్పాలి. మా కూటానికి ఏడాదికి ఒక్కసారి వచ్చే గోదారి పిన్ని. కోట అవతల ఒక ఒమానీ కుటుంబంలో ఇంటి పని చేసేది. ఆ ఇంటివాళ్ళకు కొండ మీద దానిమ్మ తోట ఉంది. కాయ కోతకు వచ్చినప్పుడు ఇల్లంతా పైకి వెళ్ళేది, ఒక శుక్రవారం పిన్నికి ఖాళీ దొరికేది. ఆ ఒక్క శుక్రవారం ఆమె ఇంటావిడ ఇచ్చిన దానిమ్మలు సంచి నిండా మోసుకుని వచ్చి, అందరికీ గింజలు ఒలిచి పెట్టి, చీకటి పడకముందే వెళ్ళిపోయేది.

పిన్నికి ఊళ్ళో నా ఈడు కూతురుంది. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అమ్మమ్మ ఆ పిల్లను ఎస్టీడీ బూత్ దాకా తీసుకొచ్చేది. పిల్ల బయట రోడ్డు మీద నిలబడేది. లోపలికి వచ్చేది కాదు, ఫోన్ పట్టుకునేది కాదు. పిన్ని ఇక్కడికి వచ్చేటప్పుడు నిద్రపోతున్న పిల్లకు చెప్పకుండా బయల్దేరిందట. ఆ లెక్క ఇంకా తేలలేదు.

ఆ ఏడు పిన్ని ఖాళీ శుక్రవారం, మా ప్రాయశ్చిత్త దినం ఒకటే అయ్యాయి. దానిమ్మల సంచితో వచ్చి చూసేసరికి మెస్ హాలు గుడారమై ఉంది. ఈ చివర దుప్పట్లు కుట్టిన తెర. తెర వెనక దేవుడి ఆజ్ఞలు దాచే మందసం, అంటే బంగారు రంగు కాగితం అతికించిన ఐస్ పెట్టె, మూత మీద థర్మోకోల్ దూతలు ఇద్దరు. పెయింటు డబ్బాలో నిప్పులు, నిప్పుల మీద లుబాన్ సాంబ్రాణి. ఇద్దరు మగపిల్లలు చెవులు కట్టుకుని మేకలయ్యారు. చీటీ వేస్తే ఒకడు బలికి, ఒకడు జనం పాపాలు మోసుకుని అరణ్యానికి. అరణ్యానికి పోవాల్సినవాడు సంతోషంగా గేటు దాటి వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ చెవులతో సహా పట్టుకొచ్చాడు.

నాకిచ్చింది తాడు పని. యాజకుడు లోపల ప్రాణం పోయి పడిపోతే ఇంకెవరూ లోపలికి వెళ్ళలేరు కనుక, కాలికి ఒక తాడు కట్టి, గంటల చప్పుడు ఆగిపోతే బయటికి లాగేవాళ్ళని చెప్తారు. "బైబిల్లో లేదు, పెద్దలు చెప్పే మాట" అని అంకుల్ నిజాయితీగా చెప్పి, అయినా తాడు కట్టించారు. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పట్టే నైలాన్ దారం. మా నాన్న మడమకు ఒక కొస, నా చేతికి ఇంకో కొస.

నాన్న గంటల అంగీతో హాలంతా తిరిగాడు. జుమా నమాజు చేసుకుని వచ్చిన టైలర్ మామూ తలుపు దగ్గర నిలబడి అంచు మాత్రమే చూశాడు. "లెవల్‌గా పడింది" అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత వంటింటి గుమ్మంలో నాన్న అంగీ విప్పి దిష్‌దాషా తల మీంచి దించుకుంటుంటే, పిన్ని గబగబా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారండీ, పేర్లు తీసుకెళ్తున్నారంటండి లోపలికి?"

"ఊఁ" అన్నాడు నాన్న బట్టలోంచి.

"మా పిల్లదాని పేరు కూడా ఒక్కటండి. ఫోన్ దగ్గరికి వస్తే చాలండి, ఆయ్. మాటాడకపోయినా పర్లేదండి."

పక్కనున్న అంకుల్ ఇబ్బందిగా దగ్గారు. "పన్నెండు రాళ్ళేనమ్మా. అన్నీ అయిపోయాయి."

"రాళ్ళు ఎలాగూ బయటే ఉంటున్నాయి కదండీ" అన్నాడు నాన్న. "చెప్పమ్మా."

పిన్ని చెప్పింది. నాన్న తల ఇంకా దిష్‌దాషా లోపలే ఉంది.

ఆయన తెర ఎత్తి లోపలికి వెళ్ళాడు. సాంబ్రాణి పొగ తెర కింద నుంచి బయటికి వచ్చింది. తెల్లబట్టకు గంటల్లేవు కనుక లోపల కదులుతున్నాడో లేదో ఎవరికీ తెలియదు. రెండు నిమిషాల్లో వచ్చేయాలి. రాలేదు. ఒక మేక తుమ్మింది. ఇంకా రాలేదు. వంటింట్లో గరిట చప్పుడు కూడా ఆగింది. పొగకు దగ్గనైనా దగ్గాలి కదా, అదీ లేదు.

నాకు అప్పటిదాకా అది ఐస్ పెట్టే అని తెలుసు. ఆ పెట్టెకు కాగితం అతికించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆ నిశ్శబ్దంలో తెర వెనక ఏముందో నాకు ఖచ్చితంగా తెలియకుండా పోయింది. మా నాన్నకు భక్తి లేదన్న సంగతి ఇంకొకరికి కూడా తెలిసిపోయిందేమోనని భయం వేసింది. అంకుల్ వంక చూశాను. ఆయన ముఖం తెల్లబడి ఉంది.

"లాగమ్మా" అన్నారు చిన్నగా.

నేను లాగాను. కొంచెం గట్టిగానే లాగాను. లోపల దబ్బున శబ్దమైంది. మా నాన్న పడుతూ ఆసరాకు తెర పట్టుకున్నాడు, తెర ఆయనతో పాటు వచ్చింది. తెర చిరగడం అనేది వేరే పుస్తకంలోని, యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పటి విషయం. మా పాఠం అక్కడిదాకా ఇంకా రాలేదు.

పొగ విడిపోయేసరికి నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. కాలు తడుముకోలేదు. నా వంక చూడలేదు. హాలు చివర దానిమ్మల సంచి పక్కన నిలబడ్డ పిన్ని వంక చూశాడు.

"అమ్మా, మీ అమ్మాయి పేరు గుర్తు రావట్లేదు. పన్నెండూ చెప్పేశాను. అక్కడే ఆగిపోయాను. ఏం పేరన్నావు?"

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏదో అంది, వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

అప్పుడు చెప్పింది. హాలు గోడలకు తగిలేలా చెప్పింది. రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లను ఇంట్లోకి పిలిచే గొంతుతో చెప్పింది. అంత పెద్ద ఇంట్లో పని చేస్తూ అంత గట్టిగా ఆ పేరు పిలిచే సందర్భం ఆమెకు ఎన్నాళ్ళుగా రాలేదో.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం" అని మళ్ళీ లోపలికి బయల్దేరాడు.

అంకుల్ అడ్డు చెప్పడానికి నోరు తెరిచారు. ఏడాదికి ఒక్కసారి అన్న మాట ఆయన నాలుక చివర ఉంది. అంతలో ఏదో తట్టి ఆగారు. "నిజమే" అన్నారు. "ఆ రోజు ఒకసారి ధూపంతో వెళ్తాడు. మళ్ళీ బలి రక్తంతో వెళ్తాడు. వెళ్ళొచ్చు."

కానీ తెర కింద పడి ఉంది. తెర లేకుండా ఎలా? అంకుల్ ఒక చివర పట్టుకుని ఎత్తారు, కణుపు లేని ఆ చేత్తోనే. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి కార్పెంటరన్న రెండో చివర పట్టుకున్నాడు. తెర దగ్గరికి రాకూడని ఇద్దరూ ఆ తెరకు గుంజలై నిలబడ్డారు. నాన్న దాని వెనక్కి వెళ్ళాడు. ఈసారి తాడు పట్టుకోమని నన్నెవరూ అడగలేదు.

త్వరగానే వచ్చేశాడు. తర్వాత అందరం చారన్నం తిన్నాం. పిన్ని గింజలు ఒలిచింది. పతకానికి పదమూడో గుండీ పెట్టనా అని టైలర్ మామూ అడిగాడు. వద్దన్నాడు నాన్న.

పిన్ని సంగతి మాకు బక్రీదు పెద్ద పండుగ ముందు తెలిసింది. వాళ్ళింటి పిల్లలకు దిష్‌దాషాలు కొలిపించడానికి ఇంటావిడ వెంట మామూ దుకాణానికి వచ్చిందట. ఆయన మా నాన్న దొరికేదాకా ఆగలేక, సైకిలు మీద క్యాంపుకే వచ్చాడు.

"పిల్ల బూత్ లోపలికి వచ్చిందంట సార్. ఫోన్ పట్టుకుందంట."

"ఏం మాట్లాడింది?"

"ఏం మాట్లాడలేదంట. ఊపిరి ఒకటి ఇనపడిందంట. కార్డు అయిపోయేదాంక ఈయమ్మ ఊరికే ఇంటా నిలబడిందంట. 'మామూ, మాటలేం లేవు గానీ అవతల ఉండాది' అని సెప్పి ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు."

"అవతల ఉందన్నమాట" అన్నాడు నాన్న.

మరుసటి ఏడు దానిమ్మల కాలంలో పిన్ని రాలేదు. సెలవు మీద ఊరికి వెళ్ళిందని మామూ చెప్పాడు. ఆ తర్వాత సంగతి మాకు తెలియదు. అంకుల్‌ని కంపెనీ సొహార్ సైటుకు పంపింది, పండుగలు ఆగిపోయాయి. నీలం అంగీ కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంది. గంటలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. కుచ్చుల దానిమ్మలతో నేను ఆడుకున్నాను.

మా నాన్న మారిపోయాడని రాస్తే ఈ కథకు బాగుంటుంది. మారలేదు. తలుపు దగ్గరే కూర్చున్నాడు, గోడనే చూశాడు. అయితే ప్రతి ఏడూ దానిమ్మలు కొండ దిగే రోజుల్లో ఒక శుక్రవారం గడ్డం గీసుకుంటూ ఆగిపోయేవాడు. సబ్బు నురగ ఆరిపోయేది. ఏంటి నాన్నా అని ఒకసారి అడిగాను.

"మధ్యలో కదిలించకు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి" అన్నాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. మొన్న ఆ పికప్ పక్కన నిలబడి, ఆ పేర్లు వరసగా అనుకుందామని చూశాను. మా అమ్మమ్మది వచ్చింది. కార్పెంటరన్న అవ్వది సగం వచ్చింది. గేదె పేరు బాగా వచ్చింది. మిగతావి రాలేదు. ఆయన మరిచిపోయిన ఆ పదమూడోది మాత్రం, పిన్ని గొంతుతో సహా, గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దంతో సహా, పూర్తిగా ఉంది.

బండాయన ఇంకా ఆశగా చూస్తున్నాడు. దానిమ్మలు కొన్నాను. మేక గంట మోగించింది.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకంటే ముందు ఒకాయన దాన్ని చెప్పాల్సిన చోట చెప్పేశాడు, రెండోసారి వెళ్ళి మరీ.